బెణికిన కాలు బిగుసుకుపోయింది.. మళ్లీ పరుగు ఎప్పుడు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ పరిగెడుతున్నాను. రెండు నెలల క్రితం ఫుట్‌పాత్ మీద ఎత్తుగా లేచిన బండపై అడుగుపడి కుడి పాదం లోపలికి మడతపడింది. కుంటుకుంటూ ఇంటికి నడిచి వచ్చాను. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. అమ్మ పసుపు, సున్నం పట్టు వేసింది. మూడు వారాలు క్రేప్ బ్యాండేజీ కట్టుకుని ఇంట్లోనే ఉన్నాను. నొప్పి చాలావరకు తగ్గింది కానీ పొద్దున లేవగానే చీలమండ, పిక్క బిగుసుకుపోయి ఉంటున్నాయి. గొంతుక్కూర్చోలేను. మెట్లు దిగుతుంటే కాలు పక్కకు ఒరిగిపోతుందేమోనని టెన్షన్. జిమ్ ట్రైనర్ చెప్పారని నెల రోజులుగా మసాజ్ గన్, కండరాల మీద దొర్లించే ఫోమ్ రోలర్ వాడుతున్నాను. ఈ బిగుతు ఎలా పోతుంది? ఎంఆర్ఐ తీయించాలా? నెలన్నరలో 10కె (పది కిలోమీటర్ల) పరుగుకు పేరు ఇచ్చాను, పరిగెత్తొచ్చా?

జవాబు: ముందు మీ ఆఖరి ప్రశ్నకే వస్తాను. ఈసారి 10కె వదిలేయండి. రెండేళ్లుగా పట్టుదలగా పరిగెత్తుతున్న మీకు ఈ మాట ఎంత కష్టంగా ఉంటుందో ఊహించగలను. కానీ మెట్ల మీదే ఒరిగిపోతుందనిపించే కాలు పరుగుకు ఇంకా సిద్ధం కాలేదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణకడం చాలా తేలిక. రెండోసారి, మూడోసారి బెణికితే కీలులో వదులు ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు.

పాదం లోపలికి మడతపడినప్పుడు సాధారణంగా దెబ్బ తినేవి బయటివైపు లిగమెంట్లు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలవి. వాటిలో ముందువైపు ఉండేదే ఎక్కువగా చిరుగుతుంది. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు కాబట్టి, 'ఎముక విరగలేదు' అంటే 'కాలికి ఏమీ కాలేదు' అని అర్థం కాదు.

ఈ సందర్భంగా ఇతర పాఠకులకూ ఒక మాట. ప్రతి బెణుకుకూ ఎక్స్‌రే అక్కర్లేదు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన పద్ధతినే చాలా దేశాల్లో వాడుతున్నారు. దెబ్బ తగిలిన వెంటనే, డాక్టర్ దగ్గరకు వచ్చాక.. రెండుసార్లూ నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనుక అంచున, కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి పుట్టినా తీయాలి. చిటికెన వేలి వైపు పాదం మధ్యలో ఉండే ఎముక మీద, దానికి ఎదురుగా లోపలివైపు ఎముక మీద నొప్పి ఉన్నా అంతే.

ఇక మీ బిగుతు సంగతి. అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. మన ఇళ్లలో కాలికి ఏమైనా 'నరం పట్టేసింది' అంటాం. కీలు కదలకపోయినా అదే మాట, కండరం గట్టిపడినా అదే మాట. మీరు బిగుతు అంటున్న దాంట్లో కనీసం రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి, వాపు వల్ల, కదలిక లేక చీలమండ కీలు ముందుకు వంగడం తగ్గింది. గొంతుక్కూర్చోలేకపోవడానికి కారణం అదే. రెండోది, కీలు మీద నమ్మకం లేక శరీరమే పిక్క కండరాలను బిగపట్టి ఉంచుతోంది. మసాజ్ గన్ పెడితే గంటసేపు హాయిగా ఉంటుంది. కానీ కీలు పక్కలకు వదులుగా, కాలు బలహీనంగా ఉన్నంతకాలం పిక్క మళ్లీ బిగుసుకుంటుంది.

మరో రకం బిగువు కూడా ఉంది. అది మీకు కావాల్సిన బిగువు. పరుగులో పాదం నేలను తాకి ఉండేది సుమారు పావు సెకను. ఆ కాస్త సేపట్లో ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. పిక్కను మడమకు కలిపే స్నాయువు మీద అయితే ఆరు నుంచి ఎనిమిది రెట్లు. మీ బరువు 60 కిలోలు అనుకుంటే, అడుగుకు 360 కిలోలకు పైనే. కిలోమీటరుకు ఏడు నిమిషాల చొప్పున మెల్లగా పరిగెత్తినా కుడికాలు ఒక్కటే ప్రతి కిలోమీటరులో 550 సార్లకు పైగా నేలను తాకుతుంది. ప్రతిసారీ ఆ స్నాయువు స్ప్రింగులా సాగి, దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చి మిమ్మల్ని ముందుకు తోస్తుంది. అందుకు అది గట్టిగా ఉండాలి. నులక మంచం గుర్తుంది కదా, తాళ్లు వదులైతే పడుకున్నవాళ్ల నడుము కిందికి దిగిపోతుంది. అప్పుడు తాడు లాగి బిగిస్తాం, వదులు చేయం. వారాల తరబడి బరువు మోయని స్నాయువు కూడా అలాగే వదులవుతుంది. బరువు మోపితేనే తిరిగి గట్టిపడుతుంది, అదీ 8 నుంచి 12 వారాలు ఓపిగ్గా చేస్తేనే. 10కె వద్దనడానికి ఇదీ ఒక కారణం.

అంటే కీలు వంగాలి, స్నాయువు బిగియాలి. నెల రోజులుగా మీరు చేస్తున్నది ఈ రెండూ కాదు.

కీలు ఎంత వంగుతోందో ఇంట్లోనే కొలవొచ్చు. చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. తాకితే పాదం ఇంకాస్త వెనక్కి జరపండి. ఇక తాకదనే చోట బొటనవేలికీ గోడకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. రెండు కాళ్లకూ చేయండి. ఒక్క సెంటీమీటరు తేడా అంటే కీలు వంపులో దాదాపు 3.6 డిగ్రీలు. కుడికాలికి 2 సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో తగ్గితే కీలును కదిలించే పని ఇంకా మిగిలి ఉందన్నమాట. ఆ సమయంలో ఎక్కడ పట్టేస్తోందో కూడా గమనించండి. పిక్కలో లాగినట్టుంటే వ్యాయామంతో తగ్గుతుంది. చీలమండ ముందువైపు నొక్కుకున్నట్టుంటే అడ్డు కీలులోనే ఉంది. పిక్కను ఎంత సాగదీసినా అది పోదు, ఫిజియోథెరపిస్టు చేత్తో కదిలించాల్సి ఉంటుంది.

వ్యాయామాలకు జిమ్ అక్కర్లేదు. ఇదే గోడ పరీక్షను రోజూ రెండు పూటలా 15 సార్లు మెల్లగా చేయండి. రోజు విడిచి రోజు గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి. మూడు అంకెలు లెక్కపెడుతూ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. మొదట రెండు కాళ్లతో, తేలికయ్యాక కుడికాలు ఒక్కదానితో. అదీ తేలికైతే బ్యాగులో ఐదు కిలోల బియ్యం వేసి వీపున తగిలించుకోండి. ఒంటికాలి మీద నిలబడటాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. చిరిగిన లిగమెంటుతో పాటు పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. బెణుకు మళ్లీ మళ్లీ రాకుండా కాపాడేది ఈ సాధనే. కుక్కర్ మూడు విజిల్స్ వేసేదాకా స్టవ్ దగ్గర అలా నిలబడండి, వారం తర్వాత కళ్లు మూసుకుని ప్రయత్నించండి. అయితే అది మాత్రం స్టవ్ దగ్గర కాదు, పక్కన గోడ పట్టుకునేలా.

నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. పదికి మూడు వరకు ఉండొచ్చు. మర్నాడు పొద్దుటికి వాపో బిగుతో పెరిగితే మాత్రం ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం.

కుడికాలి మీద మునివేళ్లపై లేవడం ఎడమకాలితో దాదాపు సమానమై (మామూలుగా 20 నుంచి 25 సార్లు), ఒంటికాలితో గెంతినా నొప్పి లేనప్పుడు పరుగు మొదలుపెట్టండి. ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక. పదిసార్లు, రోజు విడిచి రోజు. మొదట చదునైన దారిలోనే, ఎగుడుదిగుడు మట్టిదారులు తర్వాత. మడమ ఆనకుండా మునివేళ్ల మీద పరిగెత్తమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడు వినొద్దు, భారమంతా ఆ వెనుక స్నాయువు మీదే పడుతుంది. పరిగెత్తేటప్పుడు ఏడాది వరకు తాళ్లతో బిగించే యాంకిల్ బ్రేస్ వేసుకోండి. దానివల్ల కాలు బలహీనపడుతుందన్న భయం అక్కర్లేదు.

అమ్మగారి పట్టు వల్ల చెడిందేమీ లేదు. మూడు వారాలు పూర్తిగా ఇంట్లో ఉండటమే కాస్త ఎక్కువైంది. మామూలు బెణుకులో నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు తొలి వారంలోనే నడవడం మంచిది.

ఎంఆర్ఐ ఇప్పుడే వద్దు. ముందు ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ చేత్తో కదిపి లిగమెంటు ఎంత వదులుగా ఉందో చూస్తారు. దెబ్బ తగిలిన రోజున వాపు, నొప్పి వల్ల ఆ పరీక్ష సరిగా తెలియదు, ఇప్పుడు బాగా తెలుస్తుంది. కీలు లోతుల్లో నొప్పి, కదుపుతుంటే ఇరుక్కుపోవడం, చీలమండకు పైన రెండు ఎముకలనూ కలిపి నొక్కితే నొప్పి, లేదా ఆరు వారాలు శ్రద్ధగా వ్యాయామం చేసినా మార్పు లేకపోవడం ఉంటే ఎంఆర్ఐ తీయించాలి.

ఒక్క విషయంలో ఆలస్యం చేయొద్దు. చాలాకాలం కదలకుండా ఉన్న కాలి పిక్కలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది. కుడి పిక్క ఒక్కటే వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పుడితే మసాజ్ వెంటనే ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీలో నొప్పి కూడా ఉంటే క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.