సాంబ్రాణి పొగ, తడిమట్టి కలిసిన పెర్ఫ్యూమ్ చేద్దామంటే నిమ్మతొక్క వాసన ఎందుకొస్తోంది?

మీరు ఫ్రాంకిన్సెన్స్ (బోస్వెలియా చెట్టు నుంచి వచ్చే ధూపపు బంక) నూనెను 10 శాతం చొప్పున ఆల్కహాల్‌లో కలిపారు. గుడిలో ధూపం వేసినప్పటి వాసన వస్తుందనుకుంటే నిమ్మతొక్క, టర్పెంటైన్ కలిసినట్టు వచ్చి, గంటలోపే పోయిందన్నారు. నూనె నకిలీది కాకపోవచ్చు. అసలు నూనె వాసనే అంత.

ఆ బంకను ఆవిరిపట్టి నూనె తీసేటప్పుడు పైకి లేచేవి పైనీన్, లిమొనీన్ లాంటి తేలిక పదార్థాలే, టర్పెంటైన్, నిమ్మతొక్క వాసనలు వాటివే. బరువైన రెసిన్ గిన్నెలోనే ఉండిపోతుంది. మనకు తెలిసిన ధూపం వాసన ఆ రెసిన్ నిప్పుమీద మాడినప్పుడు కొత్తగా పుట్టేది, అది సీసాలోని నూనెలో ఉండదు. పైగా మన ఇళ్లలో వేసే సాంబ్రాణి వేరే చెట్టు బంక, దాన్ని బెంజోయిన్ అంటారు. దాని తీపి కూడా మీ నూనెలో దొరకదు. కాబట్టి ఫ్రాంకిన్సెన్స్‌ను మొదట ముక్కుకు తగిలే పైవాసనగా మాత్రమే వాడుకుని, పొగనీ మట్టినీ వేరే సరుకుతో కట్టుకోవాలి.

దీనికి నాగర్‌మోతా నూనె వెన్నెముక. మన తుంగముస్తల జాతి గడ్డే అది. మట్టి, తోలు, కాస్త పొగ మూడూ దాంట్లోనే ఉన్నాయి. మాడిన వాసనకు అత్తర్లకు పేరున్న ఉత్తరప్రదేశ్ ఊరు కనౌజ్ వాళ్లు చేసే చోయా లోబాన్ కావాలి. లోబాన్ అనే ధూపపు బంకను మట్టికుండలో నీళ్లు లేకుండా మాడ్చి, ఆ పొగనే చల్లార్చి పట్టిన నూనె ఇది. గుగ్గిలంతో చేస్తే చోయా రాల్ అంటారు, అది ఇంకా ఘాటు. ఈ తరహాలో పేరున్న సెంటు అవిన్యోన్ (కామ్ డే గార్సోన్ కంపెనీది, 2002, బెర్త్రాన్ దుషోఫూర్ చేసింది) చర్చి ధూపంలా పొడిగా, చల్లగా ఉంటుంది. మీరడిగింది అంతకంటే ముదురు, కాబట్టి వట్టివేరు లాంటి వేళ్ల నూనెల మోతాదు పెంచాను.

అన్నీ బరువులోనే కొలవండి. 0.01 గ్రా. చూపే నగల త్రాసు చాలు. చుక్కల లెక్క నమ్మొద్దు, వట్టివేరు నూనె చుక్కా మిరియాల నూనె చుక్కా ఒకే బరువుండవు. మొత్తం 5 గ్రాములకు: ఫ్రాంకిన్సెన్స్ 1.20, నాగర్‌మోతా 0.60, వట్టివేరు 0.60, దేవదారు 0.60, పచౌలి (ఒక సువాసన ఆకు నూనె) 0.40, మిరియాల నూనె 0.20, ఆల్కహాల్‌లో సగానికి సగం కరిగించిన బెంజోయిన్ 0.80, అలాగే కరిగించిన లాబ్డానమ్ (సిస్టస్ అనే పొద నుంచి వచ్చే జిగురు) 0.40, చివర్లో 10 శాతానికి పలచన చేసిన చోయా లోబాన్ 0.20. లాబ్డానమ్ గట్టిగా ఉంటే సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి మెత్తబడ్డాకే ఆల్కహాల్ పోయండి. ఆ పని పొయ్యి దగ్గర వద్దు.

ఈ మిశ్రమాన్ని వారం రోజులు చీకట్లో ఉంచి, తర్వాత 25 గ్రా. పెర్ఫ్యూమర్స్ ఆల్కహాల్ (సెంట్ల తయారీకి అమ్మే ఇథనాల్) కలపండి. దాదాపు 36 మి.లీ. వస్తుంది. ఇంకో నాలుగు వారాలు ఆగండి. మొదటి వారంలో పొగ విడిగా, మట్టి విడిగా గుచ్చుతాయి. అప్పుడే తొందరపడి ఏదో ఒకటి పోస్తే బ్యాచ్ పాడవుతుంది. చివర్లో రెండు రోజులు ఫ్రిజ్‌లో పెడితే మైనం అడుగుకు దిగుతుంది, చల్లగా ఉండగానే కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టాలి. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్ వాడొద్దు. మిథనాల్ విషం, దాని జోలికే పోవద్దు.

బెంజోయిన్ కొనకుండా ఇంట్లోనే తీయొచ్చు. గడ్డ సాంబ్రాణిని ఫ్రీజర్‌లో గంట పెట్టి రోట్లో దంచండి, మిక్సీలో వేస్తే వేడికి బ్లేడుకు అంటుకుపోతుంది. 20 గ్రా. పొడికి 80 గ్రా. ఆల్కహాల్, రోజూ ఒకసారి ఊపుతూ రెండు వారాలు. మంచి సరుకైతే దాదాపు అంతా కరిగి తేనెరంగు తేరుతుంది, అడుగున బెరడు ముక్కలు మాత్రం మిగులుతాయి. బురదలా పేరుకుంటే కల్తీ. కంప్యూటర్ సాంబ్రాణి ఇందుకు పనికిరాదు, అందులో బొగ్గు, రంపపు పొట్టు ఉంటాయి. ఈ ద్రావణం పలచన కాబట్టి పై లెక్కలోని 0.80కి బదులు 2 గ్రా. పోసి, ఆల్కహాల్‌ను 23.80కి తగ్గించండి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. చోయా రెట్టింపైతే కాలిన వైరు వాసన. వట్టివేరు, పచౌలి రెండూ పెంచితే పాత ట్రంకుపెట్టె తెరిచినట్టు ముక్కవాసన. బెంజోయిన్ ఎక్కువైతే బిస్కెట్ తీపి వచ్చి ధూపం చచ్చిపోతుంది. వర్షం వాసన ఇంకా కావాలనిపిస్తే 0.05 గ్రా. మిట్టీ అత్తరు వేయండి, కాల్చిన మట్టిని ఆవిరిపట్టి గంధపు నూనెలోకి దించినది. చవగ్గా దొరికేవాటిలో జియోస్మిన్ (వానమట్టి వాసననిచ్చే రసాయనం) ఒక్కటే ఉండొచ్చు, అది కొంచెం మీరినా బీట్‌రూట్ వాసన కొడుతుంది.

కొబ్బరినూనెలో అత్తరుగా చేస్తానన్నారు కదా, బెంజోయిన్ అందులో సరిగా కరగక అడుగున చేరుతుంది. అలా కావాలంటే బెంజోయిన్, లాబ్డానమ్ రెండూ మానేసి, ఆ బరువు గంధం నూనెతో పూడ్చండి.

పాతబడిన ఫ్రాంకిన్సెన్స్ నూనె చర్మానికి మంట పెడుతుంది. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. తెల్లచొక్కా మీద మాత్రం కొట్టుకోవద్దు, లాబ్డానమ్ మరక ఉతికినా పోదు.