ఇంకా అంటే స్టిల్లా, యెట్టా?

ప్రశ్న: మాస్టారూ, నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పని చేస్తున్నాను. విదేశీ కస్టమర్‌కి 'యు స్టిల్ హావ్ నాట్ సెంట్ ది పేమెంట్' అని మెయిల్ పెడితే ఆయన ఘాటుగా తిరిగి రాశాడు, మా ఓనరు నన్ను తిట్టాడు. డబ్బులు ఇంకా పంపలేదు అనే కదా నేనన్నది? స్టిల్ అన్నా యెట్ అన్నా ఇంకా అనే కదా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ గ్రామర్‌లో తప్పేం లేదు, వచ్చిన చిక్కంతా 'ఇంకా'తోనే.

ఒంగోలు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం ఇద్దరు నిలబడ్డారనుకోండి. అప్పుడే ఆటో దిగినాయన 'బస్సు ఇంకా రాలేదా?' అని మామూలుగా అడుగుతాడు, గంట నుంచి ఎండలో మాడుతున్నాయన కూడా ఆ మాటే అంటాడు గానీ 'ఇంకా' దగ్గర సాగదీసి అంటాడు, విసుగంతా ఆ సాగదీతలోనే ఉంటుంది. ఇంగ్లీషులో మొదటాయనది యెట్, రెండో ఆయనది స్టిల్. మెయిల్లో గొంతు వినపడదు కాబట్టి మీరు మామూలుగా రాసిన స్టిల్‌ని ఆయన సాగదీసి చదువుకున్నాడు, పాపం.

అలాగని స్టిల్ ఎప్పుడూ విసుగు కాదండోయ్. 'హి స్టిల్ వర్క్స్ హియర్' అంటే ఆయన ఇంకా ఇక్కడే చేస్తున్నాడు, అంతే. పక్కన నాట్ చేరితే మాత్రం, ఇంత ఆలస్యమా అనే అర్థం తరచుగా వస్తుంది. చోటు కూడా చూసుకోండి: స్టిల్ అనేది హావెంట్‌కి ముందు వస్తుంది, యెట్ మామూలుగా వాక్యం చివర కూర్చుంటుంది.

ఆల్రెడీతోనూ ఇదే తంటా. ఓడ బయల్దేరిందో లేదో తెలుసుకోవాలంటే 'హాజ్ ది షిప్ లెఫ్ట్ యెట్?' అనాలి. అక్కడ ఆల్రెడీ పెడితే 'అప్పుడే వెళ్లిపోయిందా!' అని నోరు తెరిచినట్టు. మనం తెలుగులో 'ఆల్రెడీ చెప్పాను కదా' అని విసుక్కుంటాం చూడండి, ఇంగ్లీషులో 'ఐ ఆల్రెడీ టోల్డ్ యు' అన్నా అంతే కటువుగా ఉంటుంది, కస్టమర్లకు వద్దు.

ఇక మీ మెయిల్. 'వి హావ్ నాట్ రిసీవ్డ్ ది పేమెంట్ యెట్' అని రాయండి. 'నువ్వు పంపలేదు' అన్నది 'మాకు అందలేదు' అయింది, స్టిల్ పోయి చివర యెట్ వచ్చింది. మూడుసార్లు ఇలా మర్యాదగా రాసినా డబ్బు రాకపోతే అప్పుడు స్టిల్ వాడండి, ఓనరు కూడా ఏమీ అనడు.