గడియారం గేటు బయటే మొదలవ్వాలి, పాపా

కర్నూలు

పాపా,

నువ్వు ప్రాజెక్టు కోసం కట్టి పంపిన సిమ్యులేషన్ మోడల్, అంటే యార్డు పనిని కంప్యూటర్లో నడిపి చూసే నమూనా, రాత్రి భోజనం చేశాక తెరిచాను. మూసేసరికి పన్నెండు దాటింది. మన కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లి ట్రాక్టర్లు రావడం, గేటు దగ్గర చీటీ, వేలం, కాటా, లారీకి లోడింగ్, అన్నీ వరుసగా పెట్టావు. అనంతపురం హాస్టల్లో కూర్చొని ఇంత ఓపికగా కట్టావంటే సంతోషంగా ఉంది. కానీ లోపల రద్దీ ఎక్కువైతే ట్రాక్టర్లను బయటే ఆపే గేటు బ్లాకు (మోడల్లో ఒక్కో పనికి పెట్టే ముక్కే బ్లాకు) పెట్టగానే రైతు గడిపే సమయం 4 గంటల నుంచి 2 గంటలకు తగ్గిందని రాశావు చూడు, అది నిజం కాదు. రిపోర్టు మీ సారు చేతికి ఇచ్చేలోపే ఈ మాట నీకు చెప్పాలి. అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరంగా రాస్తున్నాను, పక్కన పెట్టుకొని మోడల్ సరిచేసుకుంటావని.

నీ గడియారం ట్రాక్టరు గేటు దాటాక మొదలవుతోంది. గేటు మూసి ఉన్నంతసేపు రోడ్డు మీద నిలబడిన ట్రాక్టరుకు ఆ సమయం ఏ లెక్కలోకీ రావడం లేదు. లోపల రెండు గంటలు తగ్గాయి, బయట రెండు గంటలు పెరిగాయి. రైతుకు ఎక్కడ నిలబడినా ఎండ ఒకటే.

మీ జేజినాయన ఉన్నప్పుడు మన చేను కేసీ కాలువ కింద ఉండేది. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కాలువ అది. 1860లలో తవ్వినప్పుడు సాగునీటితో పాటు పడవలు కూడా నడవాలని కట్టారట. కాలువ చూసుకునే లస్కరు తూము తలుపు దించిన రోజు మా పిల్లకాలువలో నీటి మట్టం కొలిచే గేజీ చూస్తే నీళ్ళు పాదం కూడా తడవనంత ఉండేవి. అదే సమయంలో పైన పెద్ద కాలువలో నీళ్ళు కట్ట అంచుకు ఎక్కేవి. కింద గేజీ ఒక్కటే చూసి నీళ్ళు తగ్గాయని ఊళ్ళో ఎవరూ అనేవారు కాదు. నీ గేటు బ్లాకు కూడా తూమే. దానికి పైన ఒక గేజీ, కింద ఒక గేజీ పెట్టకుండా దాన్ని మోడల్లో ఉంచొద్దు.

కాబట్టి మొదట చేయాల్సింది ఇది. ట్రాక్టరు పుట్టిన మరుక్షణం, గేటుకు ముందే, దానికి ఒక ఆట్రిబ్యూట్, అంటే దానితోపాటే వెళ్ళే వివరం, తగిలించు: వచ్చిన సమయం. యార్డులో రైతు చేతికిచ్చే చీటీ లాంటిదే, కాకపోతే దీన్ని రోడ్డు మీదే ఇస్తున్నావు. గేటు దాటేటప్పుడు రెండో సమయం, కాటా ఎక్కేటప్పుడు మూడోది, బయటికి పోయేటప్పుడు నాలుగోది. ఒకదాన్ని చెరిపి ఇంకొకటి రాయకు, నాలుగూ ఉండనీ. అప్పుడు మొత్తం ఎంత పట్టింది, అందులో రోడ్డు మీద ఎంత పోయింది, వేలం కోసం ఎంత పోయింది, తీసివేతలతోనే తెలిసిపోతుంది. ఇంకో జాగ్రత్త. ట్రాక్టర్లు పుట్టించే బ్లాకు పక్కనే హద్దులేని క్యూ ఒకటి పెట్టు. ముందు చోటు లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు తర్వాతి రాకలను ఆపేస్తాయి, కొన్నిటిలో వచ్చిన ట్రాక్టరు లోపలికి రాకుండానే పోతుంది. రెండిట్లోనూ నీకు తెలియకుండానే ట్రాక్టర్లు తగ్గిపోతాయి.

మోడల్లో కదిలే వస్తువుకు ఒక్కో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లో ఒక్కో పేరు. దాన్ని ఎక్స్‌టెండ్‌సిమ్‌లో ఐటెమ్ అంటారు, అరీనాలో ఎంటిటీ, ఎనీలాజిక్‌లో ఏజెంట్. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ తెచ్చిన సిమ్యులేషన్ భాష జీపీఎస్ఎస్‌లో దాన్ని ట్రాన్సాక్షన్ అనేవారు. పేరు ఏదైనా, నీ మోడల్లో ఐటెమ్ అంటే ఏమిటో నువ్వే తేల్చుకోవాలి. గేటు దగ్గర అది ట్రాక్టరు, వేలంలో లాటు (ఒకేసారి వేలం వేసే సరుకు), కాటా మీద బస్తా, చివర్లో లారీ. నువ్వు ప్రతి బస్తానూ విడి ఐటెమ్ చేసినందుకే రన్, అంటే మోడల్ను ఒకసారి నడపడం, అంతసేపు పడుతోంది. బస్తాల సంఖ్యను లాటు మీద ఒక ఆట్రిబ్యూట్‌గా రాసి, కాటా సమయాన్ని ఆ సంఖ్యతో హెచ్చించు, చాలు. లాట్లను కలిపి లారీ చేసేచోట మాత్రం బ్యాచ్ బ్లాకు సెట్టింగ్ తెరిచి చూడు. కొత్తగా తయారైన ఐటెమ్‌కు ఎవరి చీటీ అంటుకుందో, మిగతావి ఏమయ్యాయో అక్కడ ఉంటుంది. నీ దాంట్లో చివర వచ్చిన లాటు సమయమే మిగిలింది. లారీ నిండాలని పొద్దుటి నుంచి ఎదురుచూసిన లాట్ల వేచివుండటం అంతా అక్కడే చెరిగిపోయింది. రైతు సమయం కొలవాలంటే బ్యాచ్ కాకముందే, డబ్బు చేతికందే చోట కొలువు. లారీ సంగతి వేరే లెక్కగా చూసుకోవచ్చు.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. దాదాపు ఇరవై అయిదేళ్ళ కిందట కడప జిల్లాలో ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీకి మోడల్ చేశాను. గని నుంచి వచ్చిన బండలు కోత మిషన్ దగ్గర కుప్ప పడుతున్నాయి. చిన్న సైజువి ముందు తీసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని క్యూలో ఆ నియమం పెట్టాను. సగటు సమయం బాగా తగ్గింది. ఓనరుకు చూపించాను, ఆయన మరుసటి వారమే ఫ్యాక్టరీలో అదే పద్ధతి మొదలుపెట్టారు. నెల తిరక్కుండా పెద్ద బండల ఆర్డర్లు ఆగిపోయాయి. బెంగళూరు నుంచి వచ్చిన లారీ రెండుసార్లు ఖాళీగా తిరిగి వెళ్ళింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

జరిగింది ఏమిటంటే, నా మోడల్లో సమయం నమోదయ్యేది బయటికి వచ్చిన బండకే. పెద్ద బండలు క్యూలో అడుగున పడి, రన్ ముగిసేదాకా బయటికే రాలేదు. బయటికి రాలేదు కాబట్టి వాటి సమయం సగటులో లేదు. ఎంత ఎక్కువ ఇరుక్కుంటే నా లెక్క అంత అందంగా కనిపించింది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు తల్లీ, అది అడిగిన పని చేసింది. అడగాల్సింది నేను అడగలేదు.

అప్పటి నుంచి ప్రతి రన్ చివరా నేను రెండు పనులు తప్పకుండా చేస్తాను. ఒకటి, జమాఖర్చు. లోపలికి వచ్చినవి ఎన్నో, బయటికి పోయినవీ ఇంకా లోపల ఉన్నవీ కలిపి అన్నే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా రిపోర్టు జోలికి పోను. రెండు, లోపల మిగిలిన ప్రతిదానికీ అప్పటిదాకా ఎంత వయసు వచ్చిందో రాయించుకుంటాను. అందులో అన్నిటికంటే పాతది ఎంతసేపటిదో చూస్తే మోడల్ గుట్టు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

దీనికి తోడుగా జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది, మీకు పాఠంలో వచ్చే ఉంటుంది. లోపల సగటున ఉన్నవి ఎన్నో, అది గంటకు వచ్చేవాటిని ఒక్కొక్కటి గడిపే గంటలతో హెచ్చిస్తే వచ్చేదానికి సమానం. గంటకు 15 ట్రాక్టర్లు వచ్చి, ఒక్కొక్కటి రెండు గంటలు ఉంటే, లోపల సగటున 30 ఉండాలి. దీని కోసం సమయాలు ఏ పద్ధతిలో మారుతున్నాయో తెలియాల్సిన అవసరం కూడా లేదు. నీ మోడల్ ఇచ్చిన సంఖ్యలతో నేను కాగితం మీద హెచ్చించి చూస్తే 30 రావాల్సిన చోట మోడల్లో 41 ఉంది. ఆ పదకొండే నువ్వు కొలవని ట్రాక్టర్లు. గేటు బయటివి కొన్ని, రన్ ముగిసేసరికి లోపల చిక్కుకున్నవి కొన్ని. గీత ఎక్కడ గీస్తావో, సంఖ్యా సమయమూ రెండూ ఆ గీత లోపలివే అయి ఉండాలి.

ఇప్పుడు గేటు ఎలా నడపాలో చూద్దాం. కాటా క్యూలో పదికంటే తక్కువ ఉంటే తెరువు, లేకపోతే మూయి అని పెట్టావు. గేటు నుంచి కాటాకు రావడానికి మూడు నిమిషాలు పడుతుందని నువ్వే రాశావు కదా. ఆ మూడు నిమిషాలూ క్యూ ఇంకా తొమ్మిదే చూపిస్తుంది, గేటు తెరిచే ఉంటుంది, వెనకున్నవన్నీ దూరిపోతాయి. నీ గ్రాఫ్‌లో క్యూ పదహారు దాకా పోయిందంటే కారణం ఇదే. దారిలో ఉన్నవాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకు టోకెన్ల పద్ధతి మంచిది. పది టోకెన్లు రిసోర్సుగా పెట్టు. గేటు దగ్గర ఒకటి తీసుకోవాలి, బయటికి పోయేటప్పుడు తిరిగి ఇవ్వాలి. టోకెన్ లేకపోతే లోపలికి దారి లేదు. ఫ్యాక్టరీల్లో దీన్నే కాన్‌విప్ అంటారు, లోపల ఉన్న పనిని ఒకే స్థాయిలో ఉంచడం అని.

టోకెన్లు పెట్టాక కొత్త సమస్య ఒకటి వస్తుంది, దీని మీద నేను చాలా రోజులు పోగొట్టుకున్నాను. ధర నచ్చక సరుకు వెనక్కి తీసుకుపోయే రైతు కోసం నువ్వు పక్కదారి ఒకటి పెట్టావు. ఆ దారిలో టోకెన్ తిరిగి ఇచ్చే బ్లాకు మరచిపోతే, వెళ్ళిన ప్రతి రైతుతో పాటు ఒక టోకెన్ పోతుంది. మొదటి గంటలో ఏమీ తెలియదు. మధ్యాహ్నానికి పది టోకెన్లు ఆరు అవుతాయి, యార్డు నెమ్మదిస్తుంది, నువ్వేమో హమాలీలు చాలలేదని రాస్తావు. రన్ చివర టోకెన్ల లెక్క కూడా చూడు. వెనక్కి పోయిన రైతులను అమ్ముకున్నవారితో కలిపి సగటు తీయకు, వాళ్ళకు వేరే ద్వారం, వేరే లెక్క ఉండాలి.

అసలు గేటు వల్ల లాభం ఉంటుందా అని నువ్వు అడగొచ్చు. ఉంటుంది, కానీ నీ మోడల్ ఇప్పుడున్నట్టుగా ఉంటే దాన్ని ఎప్పటికీ చూపించలేదు. నీ దాంట్లో లోపల పది ట్రాక్టర్లు ఉన్నా నలభై ఉన్నా బస్తాలు దించడానికి పట్టే సమయం ఒకటే. అలాంటి చోట గేటు నిలబడే స్థలాన్ని మారుస్తుంది తప్ప ఇంకేమీ చేయదు. నిజం యార్డులో అలా ఉండదు. ట్రాక్టర్లు కిక్కిరిస్తే వెనక్కి తిప్పుకోవడానికి చోటు ఉండదు, హమాలీలు బస్తా మోసుకొని చుట్టూ తిరిగి పోవాలి, ఒక ట్రాలీ అడ్డం పడితే నాలుగు ఆగిపోతాయి. రద్దీ పెరిగేకొద్దీ దించే సమయం పెరుగుతుందని మోడల్లో రాస్తే, అప్పుడు గేటు వేసినందుకు నిజంగా ఎంత కలిసొచ్చిందో తెలుస్తుంది. ఆ పెరుగుదల ఎంతో ఊహించి రాయొద్దు, వెళ్ళి కొలవాలి. నీ ప్రాజెక్టులో అసలు విలువైన పని ఇదే అని నా నమ్మకం. మిగతాది ఎవరైనా చేస్తారు.

సగటుల గురించి ఒక్క మాట. పొద్దున నాలుగు గంటలపాటు కాటా ముందు 20 ట్రాక్టర్లు నిలబడి, తర్వాత ఆరు గంటలు ఎవరూ లేకపోతే, క్యూ సగటు 8 అని వస్తుంది. ఆ రోజు ఏ క్షణంలోనూ అక్కడ ఎనిమిది ట్రాక్టర్లు లేవు. గంట గంటకూ విడిగా ఎన్ని బయటికి పోయాయో, ఎన్ని నిలబడ్డాయో గ్రాఫ్ వేయి. పొద్దుటి నుంచి కలుపుకుంటూ పోయే లెక్కలో ఉదయపు రద్దీ అంతా మధ్యాహ్నానికి కరిగిపోతుంది. కాటా 95 శాతం బిజీ అని ఉంది కదా, దానికీ పొంగిపోకు. రాకలూ తూకాలూ ఎలా పడితే అలా మారే ఒంటి కాటాకు పుస్తకం లెక్క ప్రకారం 80 శాతం బిజీ అయితే దాని దగ్గర సగటున 4 ఉంటాయి, 90 అయితే 9, 95 అయితే 19. పైగా ఆ బిజీలో తూకం వేస్తున్న సమయం ఎంతో, తూకం అయిపోయినా ముందు చోటు లేక కదలని సమయం ఎంతో విడదీయి. రెండోది ఎక్కువైతే ఇంకో కాటా కొన్నా ఏమీ మారదు, ఇరుకు ముందుంది.

రన్ పొద్దున ఖాళీ యార్డుతో మొదలుపెట్టావు. సీజన్‌లో రైతులు ముందు రాత్రే వచ్చి బస్తాల మీదే పడుకుంటారు. రాత్రి నుంచి మొదలుపెట్టు. ఒక్క రన్ చూసి ఏదీ రాయకు. కనీసం ముప్పై రన్‌లు, వేర్వేరు సీడ్‌లతో, అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే వేర్వేరు అంకెలతో. గేటు ఉన్నప్పుడూ లేనప్పుడూ అవే ముప్పై సీడ్‌లు వాడితే ఒకే రోజును రెండు రకాలుగా చూసినట్టవుతుంది, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

టెన్షన్ పడకు, గడువుకు ఇంకా మూడు వారాలు ఉందన్నావు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేయి. ఆదివారం పెద్దమ్మ చేతి వంట తిని విశ్రాంతి తీసుకో. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరం యార్డుకు పోదాం. నేను రోడ్డు మీద నిలబడి వచ్చిన టైము, ట్రాక్టర్ నంబరు రాస్తాను, నువ్వు కాటా దగ్గర కూర్చో. దించే చోట గంటకొకసారి లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి మీ తమ్ముణ్ణి కూడా తీసుకుపోదాం. మూడు నోటు పుస్తకాలు తీసిపెట్టాను, వాచీలు మూడూ ముందు రోజే ఒకే టైముకు పెట్టుకోవాలి.

మీ పెద్దనాయన