సమాధానం: ట్రైగ్లిజరైడ్లు కణత్వచాన్ని ఎందుకు కట్టలేవు?

మీరు అడిగింది మంచి సందేహమే. ట్రైగ్లిజరైడ్ (శరీరం నిల్వ చేసుకునే కొవ్వు)లోనూ ఫాస్ఫోలిపిడ్ (ఫాస్ఫేట్ ఉన్న కొవ్వు)లోనూ గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాలే ఉన్నప్పుడు కణత్వచం (కణం చుట్టూ ఉండే పలుచటి పొర) ఫాస్ఫోలిపిడ్‌తోనే ఎందుకు తయారవుతుందన్నారు. తేడా అంతా గ్లిసరాల్ మూడో కార్బన్ దగ్గరే ఉంది.

ట్రైగ్లిజరైడ్‌లో గ్లిసరాల్‌కున్న 3 హైడ్రాక్సిల్ (OH) సమూహాలకూ కొవ్వు ఆమ్లాలే అతుక్కుంటాయి. ఇక నీటితో కలిసే భాగం దాదాపు మిగలదు. అందుకే అవన్నీ ఒకచోట చేరి బిందువుల్లా ఉండిపోతాయి. నిల్వకు అదే లాభం: నీటిని వెంట మోయనక్కర్లేదు, పైగా గ్రాముకు సుమారు 9 కిలోకేలరీలు.

ఫాస్ఫోలిపిడ్‌లో తోకలు, అంటే పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు, రెండే. మూడో చోట ఫాస్ఫేట్, దానికి తరచుగా కోలిన్ లాంటి చిన్న అణువు తగులుకుని ఉంటుంది. ఆవేశమున్న ఈ తల నీటివైపు తిరుగుతుంది, తోకలు నీటికి దూరంగా లోపల దాక్కుంటాయి. రెండు తోకల వల్ల అణువు ఇంచుమించు స్తూపాకారంలో ఉంటుంది కాబట్టి పక్కపక్కన పేర్చుకుని రెండు వరసల పొర అవుతుంది. తోక ఒకటే ఉంటే సాధారణంగా తోకలన్నీ లోపలికి పెట్టుకున్న చిన్న గుండ్రటి ముద్ద (మిసెల్) అయ్యేది. పరీక్షలో చాలామంది వదిలేసే పాయింట్ ఇదే!

తోకలో సిస్ ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం, దానికి అటూ ఇటూ గొలుసు ఒకే పక్కకు ఉండేది) ఉంటే అక్కడ వంపు వస్తుంది, అణువులు దగ్గరగా సర్దుకోలేవు. ద్విబంధం లేని 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, అన్నే కార్బన్లున్నా ఒక సిస్ ద్విబంధం ఉన్న ఓలియిక్ ఆమ్లం 13 దగ్గరే కరుగుతుంది. త్వచం మెత్తదనం వెనకున్నదీ ఇదే.

కొలెస్టరాల్‌లో కొవ్వు ఆమ్లమే లేదని టెన్షన్ పడకండి. లిపిడ్ (కొవ్వుజాతి పదార్థం) అనడానికి నీటిలో కరగకపోవడం ముఖ్యం, ఒకే నిర్మాణం ఉండాలనేం లేదు.