రిపేరు బల్ల: హెడ్‌ఫోన్ విరిగేది ఎక్కడ?

హన్మకొండ చౌరస్తా పక్క సందుల ట్రాన్సిస్టర్ల కాలం నుంచి రిపేరు దుకాణం నడుపుతున్న మెకానిక్ జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. కాజీపేటల రూం తీసుకుని ఇంజినీరింగ్ చదువుతున్న. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్లు మూడేండ్లల్ల రెండు విరిగినయి. మొదటిది 1,800ది. రెండోది 9,000 పెట్టి కొన్న, బ్యాండు లోపల స్టీలు ఉందని డబ్బా మీదనే రాసుండె. అదీ ఎడమ కప్పు పైననే విరిగింది. వారంటీకి పోతే నువ్వే విరగ్గొట్టినవని తిప్పి పంపిన్రు. సూపర్ గ్లూ పెడితే రెండు రోజులు ఆగలే. ఈసారి ఏం చూసి కొనాలె?

జవాబు: తమ్మీ, డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. స్టీలు ఉన్నది, అది బాగనే ఉన్నది, విరిగింది వేరేది. నా దుకాణంల పనికిరాని హెడ్‌ఫోన్లు ఓ గంపెడు ఉన్నయి. వాటిల్ల బ్యాండు నడుమ విరిగింది ఒక్కటి లేదు. స్టీలు పట్టీ కిందికి వచ్చి, సైజు పెంచి తగ్గించే చోట ఓ ప్లాస్టిక్ ముక్కల దూరుతది. కప్పు తిరిగే కీలు, దాన్ని పట్టే స్క్రూ అన్నీ ఆ ముక్క మీదనే. అక్కడ ప్లాస్టిక్ గోరంత మందం ఉంటే గొప్ప. స్క్రూ బొక్క అంచున వెంట్రుక లెక్క ఒక గీత పడ్తది, నెలల తరబడి పెరిగి ఓ రోజు టప్పుమంటది. నువ్వు ఆ రోజు ఏం చేయలేదు, నాకు తెలుసు.

ఒక్క మాట అడుగుత: ఒంటి చేత్తోటి గుంజుతవు గదా? అట్ల తీస్తే బ్యాండు మెలి తిరిగి, ఆ మెలిక అంతా ఒకవైపు కీలు మీద పడ్తది. కుడిచేత్తో తీసేటోళ్లకు ఏ పక్క విరుగుతదని లెక్క పెట్టాలనుకున్న గాని, గిరాకీల నడుమ కుదరలే. మడతపెట్టేటివి అయితే ఇంకో కీలు ఎక్కువ. బ్యాగుల ల్యాప్‌టాప్ కింద పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కితే అంతే సంగతి.

సూపర్ గ్లూ గట్టిగనే పడ్తది, కాని వంగదు. తల మీద పెట్టుకున్నప్పుడల్లా ఆ చోటు వంగాలె, అందుకే పెటిల్లుమంటది. పైగా చుక్క కీలు లోపలికి జారితే కప్పు తిరుగుడే బందు. నేనైతే సన్నటి స్టీలు తీగ కాల్చి, పగులుకు అడ్డంగ ప్లాస్టిక్‌ల దించి, పైన ఎపాక్సీ పెట్టి రాత్రంతా ఆరబెడ్త. చూడనీకి కుట్లేసిన మోకాలు లెక్క ఉంటది, కాని ఆగుతది. నువ్వు ఇంట్ల ప్రయత్నం చేయకు. చానా వాటిల్ల రెండో కప్పుకు పోయే తీగ ఆ పక్క నుంచే పోతది, కాలిందంటే ఒక చెవి పోయినట్టే.

ఇగ కొనేటప్పుడు పాట తర్వాత విను. ముందు రెండు కప్పులు పట్టుకుని మెల్లగ విప్పు. వంపు బ్యాండు పొడుగునా సమంగ రావాలె. కీళ్ల కాడనే తెరుచుకుంటే వద్దను. కప్పు తిప్పితే కిర్రుమనొద్దు, వదులుగ ఊగొద్దు. స్క్రూలు కండ్లకు కనపడాలె. అంతా అతికేసి ఉంటే నా అసొంటోడు గూడ ఏం చేయలేడు. కుషన్లు చేత్తో ఊడాలె, తీగ ఉన్నదైతే జాక్ విప్పొచ్చేటిది మంచిది.

ప్లాస్టిక్ అంటె భయపడకు. సోనీ ఎమ్‌డీఆర్-7506 అని 1991ల వచ్చింది, స్టూడియోలల్ల ఇప్పటికీ కనపడ్తది. కప్పులు ప్లాస్టిక్‌వే, 230 గ్రాములు. దాని తీగ ఊడదు, కుషన్లూ పొట్టు రాలుతయి. కాని ఆ కుషన్లు విడిగ దొరుకుతయి, అదీ సంగతి.

ప్రశ్న: అన్నా, మాది హసన్‌పర్తి. ఇంటి నుంచే కాల్ సెంటర్ పని. ఏడాదిన్నరకే హెడ్‌ఫోన్ కుషన్లు పొరలు పొరలుగ లేచి, చెవులకు, జుట్టుకు నల్లటి పొట్టు అంటుతున్నది. రోజూ శానిటైజర్‌తో తుడుస్త. అయినా ఎందుకిట్ల?

జవాబు: చెల్లె, ఆ తుడుచుడు ముందు ఆపు. లెదర్ అని అమ్మేది చానా మటుకు బట్ట మీద పాలీయురిథేన్ పూత పూసిన రెక్సిన్. తేమ, వేడి తగిలిన కొద్దీ ఆ పూత లోపల్నుంచే తెగుతది. చెమట, తలనూనె దానికి తోడు. స్పిరిట్ ఉన్న శానిటైజర్ ఇంకా ఎండగొడ్తది. ఎండాకాలం కూలర్ ముందట కూసుంటం గదా, ఆ గాలి తడిదే. కొందరు వాడకుండ బీరువల దాచి, రెండేండ్లకు తీసి చూసి నా మీదికి వస్తరు. దాచినా రాలుతది.

కొత్త కుషన్లు వేయించుకో, కప్పు పొడుగు వెడల్పు స్కేలుతో కొలిచి తీసుకో. ముఖమల్ బట్టవి పొట్టు రాలవు, చెవి ఉడకదు, కాని గాలి దూరుతది కాబట్టి బేస్ తగ్గుతది, బయటి చప్పుడు వినపడ్తది. నీ పని మాటలతోటే గనుక అవే మేలు. ఇంట్ల కూలర్ మోత మరీ ఎక్కువుంటే మాత్రం రెక్సిన్‌వే తీసుకుని, పైన పల్చటి కాటన్ తొడుగు వేసి వారానికోసారి ఉతుక్కో.

ప్రశ్న: బరువుంటే గట్టిదన్నట్టేనా సార్? (జనగామ పాఠకుడు)

జవాబు: కాదు. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385 గ్రాములు, సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎమ్4 254 గ్రాములు. మొదటిదాంట్ల లోహం ఉన్నది కాబట్టి ఆ బరువుకు కారణం ఉన్నది. అయినా రెండు గంటలైనంక నడినెత్తికి ఆ తేడా తెలుస్తది. ఒకసారి ఓ చవకది విప్పితే కప్పు లోపల దేనికీ పనికిరాని ఇనుప బిళ్ల అతికించి ఉన్నది, చేతికి బరువు తగలాలని. దాన్ని పీకి, మిగతాది బాగుచేసి ఇచ్చిన. బిళ్ల నా బల్ల మీదనే ఉన్నది, ఫ్యాన్ గాలికి బిల్లులు ఎగరకుండ పెట్టుకున్న.