నియంతలా పాలించేవారికి జనం ఎందుకు జై కొడతారు, ఎప్పుడు వదిలేస్తారు?

స్వేచ్ఛ పోయిందని తెలియగానే జనం ఎదురు తిరుగుతారని చాలామంది అనుకుంటారు. ప్రధాని ఇందిరాగాంధీ హక్కులు పక్కనబెట్టి ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో (1975 జూన్ – 1977 మార్చి) నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. నాకు కనిపించింది అది కాదు.

1971లో 'గరీబీ హటావో' అంటూ 352 సీట్లు గెలిచి, అదే ఏడు డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధమూ గెలిచాక ఇందిరాగాంధీ మా ఊళ్లో 'ఇందిరమ్మ' అయిపోయింది. 1974లో ధరలు మండిపోయి జనం విసుక్కున్నారు గానీ, ఎమర్జెన్సీ పెట్టిన ఏడు వానలు బాగా పడ్డాయి, ధరలు దిగాయి. వరుణుడి పుణ్యం కూడా ఆవిడ ఖాతాలోనే పడింది! ఆఫీసుల్లో గుమాస్తాలు వేళకి కుర్చీల్లో కనబడుతున్నారని మెచ్చుకోనివాళ్లు లేరు. ఆవిడ ప్రకటించిన 20 సూత్రాల కార్యక్రమం కింద మా దళితవాడలో కొందరికి ఇళ్ల స్థలాల పట్టాలొచ్చాయి. ఆ కాగితం చేతికొచ్చినవాళ్లకి పత్రికల మీద సెన్సార్ ఉందంటే ఏం పట్టింపు?

మా లెక్చరర్ ఒకాయన్ని మీసా (విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం) కింద పట్టుకెళ్లారు. "ఆయనకెందుకొచ్చిన రాజకీయాలు" అన్నాడు మా నాన్న. ఆ డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీస్తే మా అరుగుల మీద ఆ ఊసే లేదు.

రైల్వే ఉద్యోగం మీద కాన్పూర్‌లో ఉన్న మా బాబాయి సెలవుకొచ్చి చెప్పిన కథ వేరు. అక్కడ పంతుళ్లు ఇంతమందిని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి తీసుకురాకపోతే జీతం ఆపేస్తున్నారట. జీపు వచ్చిందంటే మగాళ్లు పొలాలకి పరుగట. 1976–77లో దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. మా వైపూ టార్గెట్లున్నాయి, ఒత్తిడీ ఉంది, కానీ ఉత్తరాదిన జరిగినంత దౌర్జన్యం మేం చూడలేదు.

1977 మార్చి ఫలితాలు చూడండి. కాంగ్రెస్‌కి ఉత్తరప్రదేశ్‌లో 85కి సున్నా, బీహార్‌లో 54కి సున్నా, రాయ్‌బరేలీలో ఆవిడే ఓడిపోయింది. మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కి 41 కాంగ్రెస్‌వే! నంద్యాల ఒక్కటి నీలం సంజీవరెడ్డి జనతా తరఫున గెలిచారు. రాజ్యాంగం అందరికీ ఒకటే కదా, మరి ఓటు ఎందుకు మారింది? ప్రభుత్వం ఇంట్లోకి చొరబడ్డ చోట మారింది, అంతే. ఆ తర్వాత 1980లో ఆవిణ్ణి మెదక్ నుంచి గెలిపించిందీ మనమే.

మరి ఇక్కడ ఆ అభిమానం ఎప్పుడు పోయింది? 1978 నుంచి అయిదేళ్లు తిరక్కుండా ఢిల్లీ నుంచి నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చినప్పుడు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో, స్వాగతం ఆర్భాటంగా ఉందని ఆవిడ కొడుకు రాజీవ్ గాంధీ, ముఖ్యమంత్రి అంజయ్యని అందరి ముందూ కసిరారు. మార్చిలో ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పెట్టి, తొమ్మిది నెలలకే అధికారంలోకొచ్చారు. లెక్చరర్ అరెస్టుకి చలించని మా నాన్న, అంజయ్య పేరెత్తితే మాత్రం ఊగిపోయేవాడు: "నిన్నగాక మొన్న ఎంపీ అయిన కుర్రాడు మన ముఖ్యమంత్రిని అంత మాటంటాడా?"