మ్యాగ్నెట్ హోల్డరు ఫోన్‌ను పాడు చేస్తుందా?

ప్రశ్న: జడ్చర్ల నుంచి శంషాబాదు విమానాశ్రయానికి కారు కిరాయికి నడుపుతాను. దారి చూసుకోవడానికి డ్యాష్‌బోర్డు మీద మ్యాగ్నెట్ హోల్డరు పెట్టుకొని, ఫోన్ వెనుక ఇనుప రేకు అతికించాను. అయస్కాంతం వల్ల ఫొటోలు, నంబర్లు చెరిగిపోతాయని, బ్యాటరీ దెబ్బ తింటుందని తోటి డ్రైవర్లు అంటున్నారు. ఈ మధ్య ఫోన్ బాగా వేడెక్కుతోంది కూడా. హోల్డరు తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తీసేయనక్కరలేదు, చోటు మార్చితే చాలు. క్యాసెట్లు, ఫ్లాపీలు, కంప్యూటర్ హార్డ్ డిస్కులు సమాచారాన్ని అయస్కాంత గుర్తులుగానే దాచుకునేవి కాబట్టి, వాటి దగ్గరకు అయస్కాంతం తేవద్దని ఒకప్పుడు చెప్పిన మాట సబబే. మీ మిత్రుల భయం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. నేటి ఫోన్లలో ఉండేది ఫ్లాష్ మెమరీ. అందులో ప్రతి ఫొటో, ప్రతి నంబరు అతి సూక్ష్మమైన అరలలో బంధించిన విద్యుదావేశం రూపంలో నిలిచి ఉంటుంది. హోల్డరులోని అయస్కాంతం దానిని చెరపలేదు. బ్యాటరీ పని చేసేది రసాయన చర్యతో కనుక దానికీ ఇబ్బంది లేదు. అసలు ఫోన్ స్పీకరులోనే అయస్కాంతం ఉంటుంది; 2020లో వచ్చిన ఐఫోన్ 12కైతే ఆపిల్ సంస్థ వెనుక భాగంలో అయస్కాంతాల వలయాన్నే అమర్చింది. చెరిగిపోతుందన్న భయం ఏటీఎం కార్డు వెనుక ఉండే నల్లచారకు మాత్రం ఇప్పటికీ వర్తిస్తుంది. ఫోన్ కవరులో కార్డు పెట్టుకునే అలవాటుంటే మానుకోండి.

హోల్డరు వల్ల కొంత తికమకపడేవి దిక్సూచి, కెమెరా. భూమి అయస్కాంత క్షేత్రం 25 నుంచి 65 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం) మధ్య మాత్రమే ఉంటుంది. హోల్డరులో వాడే నియోడిమియం అయస్కాంతం ఉపరితలం దగ్గర అది వేల రెట్లు ఎక్కువ. అయినా బండి నడుస్తున్నంతసేపు మీకు తేడా తెలియదు, ఎందుకంటే అప్పుడు మ్యాపు మీరు ఏ వైపు పోతున్నారో ఉపగ్రహ సంకేతాలను బట్టి, మీరు కదిలిన తీరును బట్టి లెక్కగడుతుంది. ఆగి ఉన్నప్పుడే బాణం తప్పు దిక్కు చూపవచ్చు. జడ్చర్ల చౌరస్తాలో మీకు మ్యాపుతో పని ఉండదు గాని, తెలియని ఊళ్లో కారు ఆపి కుడికా ఎడమకా అని చూసుకునేటప్పుడు దానిని నమ్మకండి. ఫోన్‌ను హోల్డరు నుంచి తీసి, గాలిలో 8 అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పితే దిక్సూచి సాధారణంగా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే రేకుకే అయస్కాంత గుణం అబ్బిందేమో చూడాలి.

చేయి వణికినా చిత్రం చెదరకుండా చూసే ఏర్పాటు, ఫోకస్ కుదిర్చే ఏర్పాటు చాలా కెమెరాల్లో చిన్న చిన్న అయస్కాంతాలతోనే నడుస్తాయి. పక్కన మరో అయస్కాంతం చేరితే ఫొటో మసకగా రావచ్చు. దూరం చేయగానే మామూలవుతుంది. రేకును కెమెరా పక్కన కాకుండా ఫోన్ మధ్యభాగానికి కొంచెం కిందుగా అతికించండి. మరీ కిందికి పోతే గతుకుల్లో ఫోన్ పైభాగం ఊగి పడిపోతుంది.

మీరు చివర్లో చెప్పిన వేడి సంగతే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. వైర్‌లెస్ చార్జరు వాడుతున్నట్లయితే రేకు వెంటనే తీసేయండి; చార్జరు నుంచి వచ్చే మారే అయస్కాంత క్షేత్రం రేకులో విద్యుత్తు పుట్టించి దానిని కాలుస్తుంది, చార్జింగూ సరిగా ఎక్కదు. తీగతో చార్జింగ్ చేస్తున్నట్లయితే ఎండను అనుమానించాలి. ఆపిల్ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమంటుంది. పాలమూరు ఎండాకాలంలో నీడలోనే 40 దాటుతుంది, ముందు అద్దం వెనుక డ్యాష్‌బోర్డు మీద అంతకంటే ఎంతో ఎక్కువ. పైగా మ్యాపు, చార్జింగ్, పూర్తి వెలుగుతో తెర, మూడూ ఒకేసారి నడుస్తాయి. లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షును హరించేది ఈ వేడే. ఏసీ గాలి వచ్చే జాలికి తగిలించే హోల్డరు తీసుకోండి. వేసవిలో ఫోన్ చల్లగా ఉంటుంది. విమానాశ్రయంలో ప్రయాణికుల కోసం ఆగినప్పుడు దానిని కారులో వదలకండి.

ప్రశ్న: మా నాన్నగారికి పేస్‌మేకర్ అమర్చారు. ఆయన ఫోన్ వెనుక హోల్డరుకు అతుక్కునే అయస్కాంతపు రింగు ఉంది. ఫోన్‌ను చొక్కా జేబులోనే పెట్టుకుంటారు. పరవాలేదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: చొక్కా జేబు వద్దు. పేస్‌మేకరును వైద్యులు పరీక్షించేటప్పుడు దాని పనితీరును మార్చడానికి అయస్కాంతమే వాడతారు. కాబట్టి దగ్గరగా ఉన్న రింగు కూడా అలాంటి మార్పు తేవచ్చు. అయస్కాంతాలున్న ఫోన్లను ఇలాంటి పరికరాలకు కనీసం 15 సెంటీమీటర్లు, వైర్‌లెస్ చార్జింగ్ జరుగుతుంటే 30 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలని ఆపిల్ సూచిస్తోంది. నాన్నగారిని ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకోమనండి, లేదా రింగు తీసేయండి. ఇంతవరకు కళ్లు తిరగడం, గుండె దడ వంటివి ఏమైనా ఉంటే పేస్‌మేకర్ అమర్చిన వైద్యుని దగ్గరకు తీసుకెళ్లి, ఫోన్ సంగతి కూడా చెప్పండి.